ఇంట్లో కుండీల చుట్టూ నల్ల ఈగలు: ఎందుకొస్తాయి, ఎలా పోతాయి

(మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం జరిగిన మొక్కల పెంపకందారుల సమావేశంలోని ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? సరే. ముందు వరసలో ఇంకా కుర్చీలున్నాయి, రండమ్మా, వచ్చి కూర్చోండి. మధ్యలో కొన్ని చూపిస్తాను, దగ్గరగా ఉంటే బాగా కనిపిస్తాయి.

పోయిన సమావేశంలో మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకదాని గురించే. ఇంట్లో కుండీల దగ్గర చిన్న చిన్న నల్ల దోమలు ఎగురుతున్నాయి, ఏం కొట్టాలి? అందరూ ఇదే అడిగారు. ఏం కొట్టాలి, ఏం కొట్టాలి. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కొట్టడం సంగతి తరవాత, ముందు కుండీ ఆరాలి. మీకు కనిపించేది గాల్లో ఎగిరే ఈగ. అది పుట్టింది కుండీలోని తడి మట్టిలో. ఆ తడి అలాగే ఉన్నన్నాళ్ళూ ఏం కొట్టినా, మోటార్ ఆపకుండా ట్యాంకు కింద పొంగిన నీళ్ళు ఎత్తిపోసినట్టే. ఎత్తిపోస్తూనే ఉంటారు, పొంగుతూనే ఉంటుంది.

సరే, ముందు అసలు మీ ఇంట్లో ఉన్నవి అవేనా కాదా చూసుకుందాం. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే ఇంట్లో ఎగిరే చిన్న పురుగులు నాలుగైదు రకాలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో మందు. వంటింట్లో అరటిపండ్ల చుట్టూ తిరిగేవి, గోధుమరంగు ఒళ్ళు, ఎర్రటి కళ్ళు ఉన్నవి పండు ఈగలు. వాటికీ కుండీలకూ సంబంధం లేదు. బాత్రూం గోడ మీద కదలకుండా కూర్చుని, చిన్న సీతాకోకచిలుకలా నూగుతో కనిపించేవి డ్రెయిన్ ఈగలు. అవి జాలీ కింద పైపులో పేరుకున్న జిగటలో పుడతాయి. ఆకు కదిపితే తెల్లగా పొడి రాలినట్టు లేచేవి తెల్లదోమలు, అవి ఆకు అడుగున ఉంటాయి, రసం పీలుస్తాయి. మనం మాట్లాడుకునేవి ఇవేవీ కావు.

మనవి నల్లగా, సన్నగా ఉంటాయి. పొడవు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. కాళ్ళు పొడుగు, మీసాలు పొడుగు. భూతద్దం పెట్టి చూస్తే రెక్క మీద వై అక్షరంలా చీలిన నరం ఒకటి కనిపిస్తుంది. వీటిని ఫంగస్ నాట్స్ అంటారు, శాస్త్రీయంగా సియారిడే కుటుంబం. కుండీల్లో కనిపించేవి ఎక్కువగా బ్రాడీసియా అనే రకాలు. గుర్తుపట్టడానికి అన్నిటికంటే తేలిక పద్ధతి చెప్పనా? కుండీ అంచు మీద వేలితో కొట్టండి. మట్టి మీద నుంచి నాలుగు లేస్తాయి, నీరసంగా జానెడెత్తు ఎగురుతాయి, మళ్ళీ అక్కడే వాలి మట్టి మీద గబగబా నడుస్తాయి. ఎగరడంలో ఇవి బలహీనం. అందుకే కుండీని వదిలి ఎక్కువ దూరం పోవు. సాయంత్రమైతే వెలుతురుకు వచ్చి కిటికీ అద్దం మీద, టీవీ ముందు, మీ మొహం ముందు తిరుగుతాయి. చిరాకు వచ్చేది అప్పుడే.

కుట్టవు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు టెన్షన్ పడుతున్నారు. ఇవి కుట్టవు, రక్తం తాగవు, డెంగీ, మలేరియాలతో వీటికి సంబంధం లేదు.

ఇప్పుడు దీని బతుకు ఎలా సాగుతుందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా మీరే కట్టుకోగలరు. తల్లి ఈగ వారం, పది రోజులు బతుకుతుంది. ఆ కొద్ది రోజుల్లోనే తడిగా ఉన్న మట్టి పగుళ్ళలో వంద దాకా, ఒక్కోసారి అంతకు మించి గుడ్లు పెడుతుంది. 24 డిగ్రీల వేడిలో, అంటే మన ఏసీ గదిలో అనుకోండి, గుడ్డు 3 రోజుల్లో పగులుతుంది. లోపలి నుంచి వచ్చిన పిల్ల పురుగు 10 రోజులు మట్టిలో తింటుంది. ఇంకో 4 రోజులు ప్యూపా దశ, అంటే తిండి మానేసి రెక్కల ఈగగా మారే దశ. మొత్తం 17 రోజులు. పదిహేడు రోజుల్లో కొత్త తరం రెడీ. చల్లగా ఉంటే నాలుగు వారాలు కూడా పట్టొచ్చు. ఇప్పుడు ఆలోచించండి, ఆ 17 రోజుల్లో మీ కంటికి కనిపించేది ఎప్పుడు? ఆఖరున, రెక్కలొచ్చాక. మస్కిటో బ్యాట్ పట్టుకుని మీరు కొట్టేది ఆ రెక్కలొచ్చినవాటినే. మట్టిలో ఉన్న గుడ్లు, పురుగులు, ప్యూపాలు మీ బ్యాట్‌కు దొరుకుతాయా? గదిలో కొట్టే స్ప్రేకి దొరుకుతాయా?

వీటిలో ఒక వింత ఉంది, విషయం కొంచెం పక్కకు పోయినా చెప్పాలనిపిస్తోంది. బ్రాడీసియా కొప్రోఫిలా అనే జాతిలో కొన్ని తల్లులకు అన్నీ ఆడపిల్లలే పుడతాయి, కొన్ని తల్లులకు అన్నీ మగపిల్లలే. దీని క్రోమోజోములు అంత విచిత్రంగా నడుచుకుంటాయి కాబట్టే జన్యు శాస్త్రవేత్తలు 1920ల నుంచీ దీన్ని ప్రయోగశాలల్లో పెంచారు. తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోముకు ఒక గుర్తు, తల్లి నుంచి వచ్చినదానికి ఇంకో గుర్తు పడుతుందనీ, ఆ గుర్తును బట్టే కణం దాన్ని ఉంచుకోవడమో పారేయడమో చేస్తుందనీ 1960లో హెలెన్ క్రౌజ్ రాశారు. ఇంప్రింటింగ్ అనే మాటను జన్యుశాస్త్రంలోకి తెచ్చిన వ్యాసం అది. మనం విసుక్కుని చేత్తో తోలేసే ఈ ఈగ మీద పనిచేసే ఆవిడ అంత సంగతి కనిపెట్టారు.

సరే, మళ్ళీ కుండీ దగ్గరికి వద్దాం. ఈ పురుగులు ఏం తింటాయి? పేరులోనే ఉంది, ఫంగస్. తడి మట్టిలో పెరిగే బూజు, నాచు, కుళ్ళుతున్న ఆకు, సగం మాగిన ఎరువు, అవే వాటి అసలు తిండి. సంఖ్య పెరిగి ఆ తిండి చాలనప్పుడు సన్నటి పిల్ల వేళ్ళ మీద పడతాయి. పెద్ద మొక్కకు, బాగా వేరుపట్టిన అరేకా పామ్‌కు, మనీ ప్లాంట్‌కు దీనివల్ల పెద్దగా ఏమీ కాదు. చిరాకే తప్ప నష్టం తక్కువ. నష్టం ఎవరికి? నారుకు. కొమ్మ కత్తిరించి పెట్టిన కటింగ్స్‌కు. టమాటా, మిరప నారు ట్రేల్లో మొలిచిన రెండు రోజులకే కాడ దగ్గర మెత్తబడి పడిపోతుంది చూడండి, నారుకుళ్ళు తెగులు. ఆ తెగులు తెచ్చే పితియం లాంటి సూక్ష్మజీవులను ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి మోసే పనిలో వీటికీ వాటా ఉంది. పురుగు కొరికిన వేరులోకి తెగులు దూరడం కూడా తేలిక. పుట్టగొడుగులు పెంచేవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ? ఉంటే వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈ కుటుంబపు ఈగలే పుట్టగొడుగుల షెడ్లలో పెద్ద శత్రువు.

ఇంకొక సంగతి గమనించండి. వేళ్ళు దెబ్బతిన్న మొక్క ఏం చేస్తుంది? వాడుతుంది. ఆకు పసుపుపచ్చగా మారుతుంది. వాడిన మొక్కను చూసి మనం ఏం చేస్తాం? అయ్యో, దాహం వేసిందేమో అని ఇంకో చెంబు నీళ్ళు పోస్తాం. ఆ నీళ్ళతో ఇంకా బూజు, ఇంకా పురుగులు, వేళ్ళకు ఇంకా దెబ్బ. ఇంట్లో మొక్కలు పోవడంలో ఇది ఎంత మామూలో! మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాడిందంటే నీళ్ళు పోయకండి. దయచేసి పోయకండి. ముందు వేలు పెట్టి చూడండి.

మరి మన ఇళ్ళలోనే ఎందుకింత? నాకు కనిపించే కారణాలు చెబుతాను, మీ ఇంటితో పోల్చి చూసుకోండి.

మొదటిది మట్టి మిశ్రమం. మనం మిద్దెతోట పుణ్యమా అని ఒక మిశ్రమం నేర్చుకున్నాం. కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొట్టు, వర్మీకంపోస్ట్, పశువుల ఎరువు, కొంచెం ఎర్రమట్టి. మిద్దె మీద, ఎర్రటి ఎండలో, టమాటాకి, బెండకి అది చాలా మంచి మిశ్రమం. దాన్నే తెచ్చి హాల్లో, సోఫా పక్కన, ఎండ తగలని మూల కుండీలో పోస్తే ఏమవుతుంది? మేడ మీద సాయంత్రానికి ఆరిపోయే కుండీ ఇక్కడ పది రోజులైనా ఆరదు. కోకోపీట్‌తో ఇంకో చిక్కుంది. పైన చూస్తే లేత గోధుమరంగులో పొడిగా కనిపిస్తుంది, అంగుళం లోపల పిండితే నీళ్ళు కారతాయి. రంగు చూసి నమ్మకండి.

రెండోది, ఇది చెబితే కొందరికి కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. బియ్యం కడిగిన నీళ్ళు. పప్పు కడిగిన నీళ్ళు. వాడిన టీ పొడి. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్ళు. పుల్లటి మజ్జిగ. వంటింట్లో ఏదీ వృథా కాకూడదని మన అమ్మలు నేర్పారు, అది మంచి అలవాటు, నేను కాదనను. పెరట్లో కరివేపాకు మొదట్లో పోస్తే నేల తాగేస్తుంది, సూక్ష్మజీవులు తినేస్తాయి, ఎండ ఆరబెట్టేస్తుంది. హాల్లో ఉన్న పది అంగుళాల కుండీలో అవేవీ జరగవు. ఆ గంజి, ఆ పిండిపదార్థం పైపొరలోనే ఆగి బూజు పడుతుంది. ఆ బూజు ఎవరి తిండి? ఇందాక చెప్పుకున్నాం కదా. మీరు మొక్కకు పెడుతున్నాననుకుంటున్నారు, తింటున్నది పురుగు. ఆ నీళ్ళు మిద్దె మీది మొక్కలకు పోయండి, పెరటి చెట్టుకు పోయండి. ఇంట్లో కుండీకి మాత్రం మంచినీళ్ళే.

మూడోది అందమైన కుండీ. ఇదిగో, ఇది చూడండి. ఈ అమ్మాయి తన ఇంటి నుంచి తెచ్చింది, చూపించమంది. బయట తెల్లటి సిరామిక్ కుండీ, లోపల నర్సరీ ప్లాస్టిక్ కుండీ. పైనుంచి చూస్తే పీస్ లిల్లీ చక్కగా ఉంది. ఇప్పుడు లోపలి కుండీ పైకి తీస్తున్నాను. దగ్గరికి రండి. చూశారా అడుగున? రెండు వేళ్ళ లోతు నీళ్ళు, గోధుమరంగులో, పైన జిగటగా పొర. వాసన వస్తోందా? మురుగు వాసన. ఈ సిరామిక్ కుండీకి అడుగున రంధ్రం లేదు. పోసిన నీళ్ళన్నీ ఇక్కడే నిలిచాయి, మొక్క కింది వేళ్ళు ఎన్నాళ్ళుగానో ఆ నీళ్ళలోనే ఉన్నాయి. ఆ ప్లాస్టిక్ కుండీ రంధ్రం దగ్గర చూడండి, ఈగ ఒకటి నడుస్తోంది. అవి పైనుంచే కాదు, కింది రంధ్రంలోంచీ రాకపోకలు సాగిస్తాయి. పైన ఇసుక పరిచాను, అయినా పోలేదండీ అనేవాళ్ళు ఈ రంధ్రం వైపు చూడరు.

ఇంకో మాట, ఇలా నిలిచిన నీళ్ళలో, కుండీ కింది పళ్ళెంలో, డెంగీ తెచ్చే ఏడిస్ దోమ కూడా గుడ్లు పెడుతుంది. వానాకాలంలో పళ్ళెం వంచి పారబోయడం రెండు రకాలుగా మేలు. మనీ ప్లాంట్‌ను సీసాలో నీళ్ళలో పెట్టినవాళ్ళూ వినండి. మీకు మట్టి లేదు కాబట్టి ఈ నల్ల ఈగల గొడవ లేదు. కానీ వారానికోసారి నీళ్ళు మార్చి, సీసా లోపలి గోడలు రుద్ది కడగాలి.

ఇప్పుడు ఈ టేబుల్ మీది కుండీ. నిన్న రాత్రి ఇందులో, మట్టి మీద, పచ్చి బంగాళాదుంప ముక్క ఒకటి పెట్టి ఉంచమన్నాను. అంగుళం మందం, కోసిన వైపు మట్టికి ఆనేలా కొంచెం నొక్కి. ఇప్పుడు తిప్పుతున్నాను. ఈ భూతద్దం ఒకరి తరవాత ఒకరు తీసుకోండి. కనిపిస్తున్నాయా? దారప్పోగులంత సన్నగా, ఒళ్ళు గాజులా, లోపల తిన్నది కూడా కనిపించేంత పారదర్శకంగా ఉంది. తల మాత్రం నల్లగా మెరుస్తోంది. ఆ నల్ల తలే గుర్తు. తెల్లటి పురుగు, నల్ల తల ఉంటే అది ఇదే. పెరిగితే అయిదారు మిల్లీమీటర్లు ఉంటాయి. వానపాము పిల్ల అని కొందరు అనుకుంటారు, వానపాముకు నల్ల తల ఉండదు. దుంప పెట్టిన మర్నాటి నుంచి రెండు మూడు రోజుల్లో ఎప్పుడైనా తిప్పి చూడొచ్చు. పురుగులున్న ముక్కను కవర్లో వేసి కట్టేసి పారేయండి. కొన్ని పురుగులు అలా పోతాయి కూడా, కానీ దీని అసలు ఉపయోగం ఏ కుండీలో ఉన్నాయో, ఏ కుండీలో లేవో తెలియడం. ఇరవై కుండీలున్న ఇంట్లో రెండు మూడింట్లోనే గుంపుగా ఉంటాయి, అన్నిటికీ మందు పోయడం దేనికి?

సరే. ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న భాగం.

మొదటి పని, మట్టి పైన రెండు అంగుళాలు పూర్తిగా ఆరాకే నీళ్ళు. పురుగులు ఎక్కువగా ఉండేది ఆ పై రెండు మూడు అంగుళాల్లోనే. అది ఆరితే గుడ్లు ఎండుతాయి, చిన్న పురుగులు చస్తాయి, తల్లి ఈగకు గుడ్లు పెట్టబుద్ధి కాదు. ఎలా తెలుస్తుంది? వేలు రెండో కణుపు దాకా దించండి. వేలు పెట్టడం ఇష్టం లేకపోతే చీపురుపుల్ల గుచ్చి తీయండి, మట్టి అంటుకుంటే ఇంకా తడి ఉందని. లేదా కుండీ ఎత్తి చూడండి, అలవాటైతే బరువే చెబుతుంది. రోజూ పొద్దున్నే కాఫీ తాగి కుండీలకు నీళ్ళు పోయడం ఒక అలవాటుగా పెట్టుకున్నవాళ్ళున్నారు. ఆ టైములో వేలు పెట్టి చూసే అలవాటు చేసుకోండి. నీళ్ళు ఎప్పుడు కావాలో మట్టి చెప్పాలి, క్యాలెండర్ కాదు. ఏప్రిల్‌లో వారానికి రెండుసార్లు అడిగిన మొక్క ఆగస్టు ముసుర్లో రెండు వారాలకు ఒకసారి కూడా అడగకపోవచ్చు.

స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ ఉన్నవాళ్ళకు ఇది చాలా తేలిక. అవి ఆకుల్లో, దుంపల్లో నీళ్ళు దాచుకుంటాయి, మూడు వారాలు మర్చిపోయినా ఏమీ అనవు. మనీ ప్లాంట్, అగ్లోనిమా, రబ్బర్ ప్లాంట్ కూడా పైమట్టి ఆరితే ఓర్చుకుంటాయి. కష్టం ఎక్కడంటే ఫెర్న్‌లు, పీస్ లిల్లీ, కలథియా. ఇవి ఎండితే వేలాడిపోతాయి. వీటికి కింది నుంచి నీళ్ళు పట్టించండి. టబ్బులో మూడు అంగుళాల నీళ్ళు పోసి, రంధ్రాలున్న కుండీని అందులో ఇరవై నిమిషాలో అరగంటో కూర్చోబెట్టండి. మట్టి కింది నుంచి పీల్చుకుంటుంది, పైపొర పొడిగానే ఉంటుంది. తరవాత తీసి, నీళ్ళు వోడ్చి పెట్టండి. రాత్రంతా వదిలేయకండి, వదిలేస్తే పైదాకా తడిసి మళ్ళీ మొదటికొస్తుంది. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కదా, అది పైన తెల్లగా పేరుకుంటుంది. అందుకని నెలకో రెండు నెలలకో ఒకసారి పైనుంచి ధారాళంగా పోసి, కింది నుంచి బయటికి పోనివ్వాలి.

రెండో పని, పసుపు జిగురు అట్టలు. పొలాల్లో తెల్లదోమకు పెడతారు చూశారా, అవే. ఎరువుల కొట్లో దొరుకుతాయి. కొనక్కర్లేదనుకుంటే పసుపుపచ్చ అట్ట మీద ఆముదమో గ్రీజో పూయండి. కానీ పెట్టడంలో కిటుకుంది. చాలామంది జెండాలా మొక్క పైన నిలబెడతారు. ఈ ఈగలు మట్టి దగ్గరే కదా తిరిగేవి? కాబట్టి అట్టను మట్టికి దగ్గరగా, వీలైతే మట్టికి సమాంతరంగా పడుకోబెట్టండి. ఇది తల్లి ఈగలను తగ్గిస్తుంది, గుడ్లు తగ్గుతాయి. ఇంకా మంచి లాభం ఏమిటంటే, వారం వారం అట్ట మీద పడ్డవాటిని చూస్తే మీ పని ఫలిస్తోందో లేదో తెలుస్తుంది. అట్ట ఒక్కటే పెట్టి కూర్చుంటే మాత్రం చాలదు. మట్టిలో ఉన్నవాటికి అట్టతో పనేముంది?

మూడో పని, మట్టిలోని పురుగుకు మందు. ఇందులో నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్నది బీటీఐ. పూర్తి పేరు బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్. 1976లో ఇజ్రాయెల్‌లో నెగెవ్ ఎడారిలోని ఒక నీటిగుంటలో చచ్చిపడిన దోమ పిల్లలను పరిశీలిస్తుంటే దొరికిన బ్యాక్టీరియా ఇది. దీనిలో ఉండే ప్రోటీన్ స్ఫటికాలను పురుగు తింటే, దాని పేగులోని క్షారగుణానికి అవి కరిగి, పేగు గోడను చిల్లులు చేస్తాయి. దోమ, ఈగ జాతుల పిల్ల పురుగుల మీదే దీని ప్రభావం. మనుషులకు, కుక్కలకు, పిల్లులకు, వానపాములకు భయం లేదు. దోమల నివారణకు మురుగు గుంటల్లో, చెరువుల్లో కలిపేది ఇదే.

ఇక్కడ జాగ్రత్త, రాసుకోండి. కొట్లో బీటీ అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది బీటీ కుర్‌స్టాకీ. అది గొంగళిపురుగులకు. క్యాబేజీ మీద పనిచేస్తుంది, మన ఈగల మీద పనిచేయదు. లేబుల్ మీద ఇజ్రాయెలెన్సిస్ అని ఉందో లేదో చదివి తీసుకోండి. లేబుల్ మీద చెప్పిన మోతాదులో నీళ్ళలో కలిపి, మొక్కకు నీళ్ళివ్వాల్సిన రోజున ఆ నీళ్ళే మట్టిలో పోయండి. అంటే దీనికోసం అదనపు తడి పెట్టొద్దు. పురుగు తింటేనే పనిచేస్తుంది కాబట్టి గుడ్డు మీద, ప్యూపా మీద, ఎగిరే ఈగ మీద పనిచేయదు. మట్టిలో ఎక్కువ రోజులు నిలవదు కూడా. అందుకే వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు పోయాలి. ఒక్కసారి పోసి, ఈగలు ఇంకా ఉన్నాయండీ, పనిచేయలేదండీ అని ఆపేయకండి. మీరు పోసిన రోజు గుడ్లుగా ఉన్నవి, ప్యూపాలుగా ఉన్నవి ఇంకా రావాలి కదా? మొదటి పది రోజులు ఈగలు కనిపిస్తూనే ఉంటాయి. ఓపిక పట్టండి.

బీటీఐ దొరకకపోతే వేపనూనె. 1500 పీపీఎం అని రాసి ఉన్నది తీసుకుని, లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు కలిపి, మట్టి పైపొర తడిసేలా పోయండి. ఆ పీపీఎం అనేది అజాడిరక్టిన్, అంటే వేపలో పురుగు మీద పనిచేసే పదార్థం, ఎంతుందో చెప్పే అంకె. అది పురుగును వెంటనే చంపదు, కుబుసం విడిచి ఎదగకుండా అడ్డుకుంటుంది. గానుగలో తీసిన ఉత్త నూనైతే నీళ్ళలో కలవదు, కుంకుడు రసం వేసి గిలక్కొట్టాలి. గదిలో రెండు రోజులు వాసన ఉంటుంది, బాల్కనీలో పోసి ఆరాక లోపలికి తెచ్చుకోండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ గురించి అడిగారు. తగిలిన పురుగు చస్తుంది, నిజమే. బుసబుసా నురగ వస్తుంది, చూడ్డానికి తృప్తిగా ఉంటుంది. కానీ కాసేపటికే అది నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది, ఆ తరవాత పుట్టేవాటికి అడ్డం లేదు. మట్టిలోని మంచి సూక్ష్మజీవులూ పోతాయి. మరీ గుంపులుగా ఉన్నప్పుడు ఒకసారి వాడొచ్చు, అంతే. విదేశీ వీడియోలు చూసి వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. వాళ్ళు చెప్పే 'ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్ళు' లెక్క 3 శాతం ద్రావణానిది. మన మందుల షాపుల్లో 20 వాల్యూమ్ అని అమ్మేది 6 శాతం. దానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలపాలి. సీసా మీద అంకె చూడకుండా పోస్తే వేళ్ళు మాడతాయి.

దాల్చినచెక్క పొడి, పసుపు, బూడిద, వెల్లుల్లి నీళ్ళు... వీటి మీద ఆశ పెట్టుకోవద్దని నా సలహా. పైన ఇసుక పరచడం కొంత పనిచేస్తుంది, ముతక ఇసుకైతే, అంగుళం మందమైతే. కింద మట్టి తడిగానే ఉంటే మాత్రం ఇసుక దాన్ని కప్పి ఉంచుతుందే తప్ప ఆరనివ్వదు.

కాబట్టి ఆరబెట్టడం, అట్ట, బీటీఐ. మూడూ ఒకేసారి, నాలుగు వారాలు. నాలుగు వారాలు ఎందుకంటున్నాను? 17 రోజులకు ఒక తరం. తల్లి ఈగ మిగిలిన రోజులు కలుపుకోండి. నాలుగు వారాలు పట్టు విడవకపోతే గుడ్డు పెట్టే ఈగ మిగలదు. రెండో వారానికి తగ్గాయి కదా అని వదిలేస్తే మిగిలిన నాలుగు ఈగలే మళ్ళీ వందలు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ఆ చివర కూర్చున్న అమ్మ ముందు చెయ్యెత్తారు, అడగండి.

ఆవిడ అడిగింది అందరికీ వినపడిందా? ఫ్లాట్‌లో పూజగది ముందు తులసి కుండీ ఉంది, రోజూ నీళ్ళు పోయకుండా ఎలా అని. మంచి ప్రశ్న, చాలా ఇళ్ళలో ఉన్నదే. అమ్మా, తులసికి అసలు కావలసింది ఎండ. కనీసం సగం రోజు ఎండ తగిలే బాల్కనీలో ఉంటే మీరు రోజూ పోసినా ఆరిపోతుంది, ఈగ రాదు. అక్కడ పెట్టే వీలు లేకపోతే చెంబుతో కాకుండా ఉద్ధరిణెతో పోయండి. పూజకు లోటు లేదు, మట్టికి బరువు కాదు. మొదట్లో రాలిన పూలు, అక్షింతలు, అగరొత్తి బూడిద ఎప్పటికప్పుడు తీసేయండి. తడిసిన అక్షింతలకు బూజు ఎంత తొందరగా పడుతుందో మీకు తెలుసు.

ఇంకొకరు, బాల్కనీలో కంపోస్టు కుండ పెట్టాం, అక్కడి నుంచి వస్తున్నాయా అంటున్నారు. రావచ్చు. తడి ఎక్కువైన కంపోస్టు వాటికి చాలా ఇష్టం. ఎండుటాకులో, కోకోపీట్ పొడో ప్రతిసారీ పైన కప్పండి, కుండ మూతికి జాలీ గుడ్డ కట్టండి. అలాగే సగం వాడిన వర్మీకంపోస్ట్ బస్తా మూతి తెరిచి వదిలేయకండి. తడిగా ఉన్న బస్తాలో కూడా పుడతాయి. ఇంట్లో కుండీకి వేసే ముందు ఎరువును, మట్టిని నల్ల కవరు మీద పలచగా పరిచి మంచి ఎండలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి వాడండి.

గుళికల మందు వేయొచ్చా అని అడుగుతున్నారు బాబు. పొలానికి వాడే గుళికలు ఇంట్లో కుండీల్లో వద్దు. చిన్నపిల్లలు మట్టిలో చేతులు పెడతారు, పిల్లులు తవ్వుతాయి. నీళ్ళు తగ్గిస్తే పోయేదానికి ఇంట్లో విషం దేనికి? నేనైతే వద్దంటాను.

నారు ట్రేల సంగతి అడిగారు. నారుకు పైపొర ఆరబెట్టడం కుదరదు, మొలక చచ్చిపోతుంది. అందుకని అక్కడ మిశ్రమంలో వర్మీకంపోస్ట్ వేయకండి. మరిగే నీళ్ళు పోసి చల్లార్చి పిండిన కోకోపీట్, పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుళ్ళు చాలు, మొదటి రెండు ఆకులొచ్చేదాకా గింజలో ఉన్న తిండే మొక్కకు సరిపోతుంది. నీళ్ళు కింది నుంచి పెట్టండి. మొదటి రోజు నుంచే పక్కన పసుపు అట్ట ఉంచండి, గాలి ఆడేలా చూడండి. బీటీఐ ఉంటే ముందుజాగ్రత్తగా కలిపి పెట్టినా తప్పు లేదు.

ఆఖరు ప్రశ్న, కొత్త మొక్కలు. నర్సరీ ఏదైనా సరే, కడియం నుంచి వచ్చిన మొక్కైనా, మన వీధి చివర కొన్నదైనా, రోజుకు రెండుసార్లు నీళ్ళు కొట్టే చోటి నుంచే వస్తుంది. అక్కడ ఎండ, గాలి ఉంటాయి, వాళ్ళకు అది అవసరం. మీరు తెచ్చిన రోజే దాన్ని హాల్లో పాత మొక్కల మధ్య పెట్టకండి. మూడు వారాలు బాల్కనీలో వేరుగా ఉంచండి, ఒక అట్ట, ఒక దుంప ముక్క పెట్టండి. ఏమీ పడలేదంటే లోపలికి తీసుకురండి. పడితే ఏం చేయాలో ఇప్పుడు చెప్పుకున్నాం. సరే, ఈ భూతద్దం, అట్టలు టేబుల్ మీదే ఉంటాయి, కుండీలు తెచ్చినవాళ్ళు ఒక్కొక్కరే రండి, చూద్దాం.